చిక్కటి ఆయిల్ పోస్తే పాత బండి కొత్తదవుతుందా?

"పదేళ్లు దాటిన బండికి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి, ఒక సీసా అడిటివ్ కలపండి. పొగ ఆగి ఇంజిన్ కొత్తదవుతుంది. సింథటిక్ మాత్రం వద్దు, సీళ్లు కారిపోతాయి." ఈ సందేశం మా కుటుంబ గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. అడిటివ్ అంటే ఆయిల్‌లో కలిపే మందు, సింథటిక్ అంటే రసాయనికంగా తయారుచేసిన ఆయిల్, సీళ్లంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు చుట్లు.

ముందు చిక్కదనం సంగతి. ఆ పేరులో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో, రెండోది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. స్ప్లెండర్‌కు కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30. అంతకన్నా చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైనున్న కామ్‌షాఫ్ట్‌కు (వాల్వులను తెరిచే కడ్డీకి) అది చేరడం ఆలస్యమవుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ కాసేపట్లోనే. పాత బుల్లెట్‌కు 20డబ్ల్యూ-50 పోస్తారు, నిజమే. అది దాని వయసును బట్టి కాదు, ఇంజిన్ తయారైన తీరును బట్టి. మాన్యువల్ పట్టికలో ఆ గ్రేడు ఉంటే ఏ బండికైనా పోయండి, లేకపోతే వద్దు.

అసలు ప్రమాదం ఆ సీసాలో ఉంది. మన మోటార్‌సైకిళ్లలో చాలావాటికి ఇంజిన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో తడుస్తాయి. క్లచ్ పనిచేసేదే రాపిడితో. రాపిడి తగ్గించే మందు అందులో కలిపితే ప్లేట్లు పట్టు తప్పుతాయి. మా బాబాయి ఈ వైద్యం చేశాక ఎక్సలేటర్ తిప్పితే మోత పెరిగేది, బండి మాత్రం ఎద్దులా మొరాయించేది. చివరికి క్లచ్ ప్లేట్లు మార్చాల్సి వచ్చింది. ఆయిల్ డబ్బా మీద 'జాసో ఎంఏ' లేదా 'ఎంఏ2' (ఆయిల్‌లో తడిసే క్లచ్‌కు సరిపడుతుందని చెప్పే జపాన్ ప్రమాణం) అని చూసుకోమనేది ఇందుకే. కార్లకు ఈ బెడద లేదు కానీ, అక్కడా ప్రచారమే ఎక్కువ. స్లిక్ 50 అనే అడిటివ్ ప్రకటనలకు ఆధారం లేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, 1997లో ఆ కంపెనీ రాజీకి వచ్చింది.

ఇక పొగ. నీలిపొగ స్టార్ట్ చేయగానే కాసేపు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లను, ఎక్సలేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులను, బోరును (పిస్టన్ కదిలే గొట్టాన్ని) అనుమానించాలి. గట్టిపడిన రబ్బరు సీళ్లను కొన్ని అడిటివ్‌లు కాస్త మెత్తబరుస్తాయి, కాదనను. అరిగిన లోహాన్ని మాత్రం ఏ సీసా తిరిగి మొలిపించలేదు.

సింథటిక్ సీళ్లను తినేస్తుందన్నది తొలినాళ్ల ఆయిళ్ల నాటి మాట. ఇప్పటివాటితో ఆ భయం లేదు. అయితే పొగ కక్కే ఇంజిన్‌లో ఖరీదైన సింథటిక్ పోసి మండించడం దండగ అంటే, ఆ ఒక్క మాటకు నేనూ ఒప్పుకుంటాను.