అలకపాన్పు మీద మిడ్‌ఫీల్డర్

కొత్త అల్లుడి అలక తీర్చడానికి వెండి చెంబు మొదలుకొని మోటారు సైకిలు దాకా సమర్పించుకున్న జాతి మనది కాబట్టి, 2014 మే నెలలో ఐవరీ కోస్ట్ ఫుట్‌బాల్ ఆటగాడు యాయా టూరేకు జరిగిన అన్యాయం మనకు అర్థమైనంతగా మరెవరికీ అర్థం కాదు. ఆ నెల 11న ఆయన క్లబ్బు మాంచెస్టర్ సిటీ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచింది. 13న ఆయనకు 31 ఏళ్లు నిండాయి. క్లబ్బు పెద్దలెవరూ వచ్చి చేయి కలిపి శుభాకాంక్షలు చెప్పలేదని ఆయన ఏజెంటు దిమిత్రీ సెలుక్ పత్రికలవారి ముందు వాపోయారు.

కేకు ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. అవమానమంతా అందులోనే ఉంది. బ్రెజిల్ ఆటగాడు రాబెర్టో కార్లోస్ పుట్టినరోజుకు రష్యాలోని అంజీ క్లబ్బు అధినేత ఖరీదైన బుగాటి కారు ఇచ్చాడని సెలుక్ గారు గుర్తుచేశారు. ఆలోచిస్తే న్యాయమే: కేకు మర్నాటికి పులిసిపోతుంది, బుగాటి పులియదు. పత్రికల లెక్క ప్రకారం వారానికి 2 లక్షల పౌండ్లు దాటిన జీతం సంగతేమిటని కొందరు లౌక్యం తెలియనివారు అడిగారు. జీతం కాళ్లకు ఇచ్చేది. మనసు పద్దు వేరు. తన నోటి నుంచి రాని మాటలను పట్టించుకోవద్దని మొదట ట్వీట్ చేసిన టూరే, కాసేపటికే సెలుక్ చెప్పిందంతా నిజమేనన్నారు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి అంత చురుగ్గా దిశ మార్చగలడని ప్రత్యర్థి డిఫెండర్లకు ముందే తెలుసు.

బువాకేలో పుట్టి, బెల్జియం, ఉక్రెయిన్, గ్రీసు, మొనాకో తిరిగి బార్సిలోనా చేరిన ఈయనకు ఉక్రెయిన్‌లో ఆడిన దొనెత్స్క్‌ ఊళ్లో ఎవరైనా కేకు కోశారో లేదో చరిత్రకారులు రాసిపెట్టలేదు. 2009లో రోమ్‌లో జరిగిన యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ ఫైనల్లో తన స్థానం కాని డిఫెన్స్‌లో నిలబెడితే, అలగకుండా ఆడి గెలిపించారు. సిటీకి వచ్చాక 2011లో ఇంగ్లండ్ వారి ఎఫ్.ఎ. కప్ సెమీ ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ మీద, ఫైనల్లో స్టోక్ సిటీ మీద ఏకైక గోల్ ఆయనదే; 35 ఏళ్లుగా పెద్ద కప్పు ఎరగని సిటీ ఆకలి ఆ రోజు తీరింది. 2013-14లో లీగ్‌లోనే 20 గోల్స్ వేశారు. మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్ 20 గోల్స్ వేయడమంటే వంటవాడే వడ్డించి, విస్తళ్లు కూడా ఎత్తేయడం. ఆటగాళ్ల సంఘం ఇచ్చే ఆ ఏటి ఉత్తమ ఆటగాడి బహుమతి మాత్రం లివర్‌పూల్ ఆటగాడు సువారెజ్‌కు వెళ్లింది. ఆఫ్రికా ఆటగాళ్లకు తగిన గుర్తింపు దక్కడం లేదని ఆయన అంతకు కొన్ని నెలల ముందే సూటిగా చెప్పారు. ఆ మాట వినడానికి తీరిక లేని లోకానికి కేకు మాట వినడానికి మాత్రం బోలెడంత తీరిక దొరికింది. ఈ లెక్కన సెలుక్ గారిని తిట్టాలో, సన్మానించాలో నాకు ఇప్పటికీ తేలడం లేదు.

2016లో సిటీ కోచ్ గార్డియోలా చాంపియన్స్ లీగ్ జట్టులో టూరే పేరు రాయలేదు. సెలుక్ మళ్లీ నోరు చేసుకున్నారు. ఆ పెద్దమనిషి క్షమాపణ చెప్పేదాకా టూరేను ఆడించేది లేదని కోచ్ పట్టుబట్టారు. చివరికి నవంబరులో టూరేనే తన తరఫునా, తన ప్రతినిధుల తరఫునా క్షమాపణ చెప్పి, మళ్లీ దిగిన మొదటి మ్యాచ్‌లోనే క్రిస్టల్ ప్యాలెస్ మీద రెండు గోల్స్ వేశారు.

2018లో వీడ్కోలు చెబుతూ క్లబ్బు శిక్షణ మైదానానికి ఆయన పేరు పెట్టింది. ఆ సీజన్ చివరి మ్యాచ్‌లో సౌతాంప్టన్‌ను ఓడించి సిటీ 100 పాయింట్లు పూర్తిచేసినది సరిగ్గా మే 13న, ఆయన 35వ పుట్టినరోజున. బుగాటి ఇచ్చిన దాఖలా మాత్రం లేదు.