‘హమ్‌సఫర్’ చూసినవాళ్లు ఆ మెసేజ్ పంపరు

ఈ నెలలో ఆ మెసేజ్ మా బంధువుల గ్రూపులోకి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. చివరిసారి పంపింది మా పెద్దత్తయ్య, దండం ఎమోజీతో సహా. అందులో ఉన్నది ఇదీ: పాకిస్తాన్ సీరియల్ ‘హమ్‌సఫర్’లో హీరోయిన్ మన హైదరాబాద్ అమ్మాయి; అందులోని గజల్‌ను ఆ కథ కోసమే రాశారు; మన సీరియళ్లలా సాగదీయరు, 23 ఎపిసోడ్లలో ముగించేశారు; అత్తల కుట్రలు ఉండవు; ఓర్పుతో కాపురం ఎలా నిలబెట్టుకోవాలో కొత్త కోడళ్లకు నేర్పుతుంది.

హైదరాబాద్ సంగతి ముందు తేల్చేద్దాం. కథలో హీరోయిన్ ఖిరద్‌ది పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్. చార్మినార్ వెతక్కండి.

గజల్ కవి నసీర్ తురాబీది. 1971లో తూర్పు పాకిస్తాన్ విడిపోయి బంగ్లాదేశ్ అయ్యి, ఢాకా చేజారినప్పటి బాధలోంచి పుట్టింది. కురతులైన్ బలోచ్ పాడాక అందరికీ విరహగీతమైంది. పాట బాగుంటే చాలదా, దానికో పుట్టుకథ కూడా అల్లాలా?

సాగదీయలేదన్నది నిజమే. కానీ అది వారానికి ఒక ఎపిసోడ్. 2011 సెప్టెంబర్‌లో మొదలై 2012 మార్చిలో ముగిసింది. ఫర్హత్ ఇష్తియాక్ నవలే దానికి ఆధారం, కాబట్టి ముగింపు ముందే ఉంది. మన సీరియళ్లు రోజూ వస్తాయి, రేటింగ్ ఉన్నంతకాలం బతుకుతాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి మనవాళ్లను తిట్టడం దేనికి?

ఇక అత్తల కుట్రలు ఉండవట! ఇది రాసిన మహానుభావులు టీవీకి వీపు పెట్టి కూర్చున్నట్టున్నారు. హీరో అషర్ తల్లి ఫరీదా లేకపోతే కథే లేదు. భర్త తన చెల్లెలి కూతురు ఖిరద్‌ను కోడలిగా తెచ్చాడని ఆవిడకు మంట. తన అక్కచెల్లెలి కూతురు సారాను చేసుకోవాలని ఆవిడ ఆశ. (మన లెక్కలో ఖిరద్ మేనరికం, సారా చెల్లెలి వరస. మా అత్తయ్య దీనికే చానల్ మార్చేయాల్సింది.) ఖిరద్‌తో చదువుకునే ఖిజర్ అనే కుర్రాణ్ని లోబరుచుకుని, కోడలి మీద నింద వేయించి, ఇంట్లోంచి గెంటేస్తుంది. ఇంతకన్నా కుట్ర ఇంకెలా ఉంటుందో!

నాకు నిజంగా కోపం తెప్పించింది ఆ ఓర్పు మాట. పెళ్లాం మీద నింద పడినప్పుడు అషర్ ఆమెను కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగడు. చదువుకున్నవాడు, వ్యాపారం నడిపేవాడు, అంతవరకు ఆమెను ప్రాణంగా చూసుకున్నవాడు. ఆమె రాసిన ఉత్తరం కూడా అప్పుడు చదవడు. కడుపులో బిడ్డతో రోడ్డున పడ్డ మనిషి ఓర్చుకుందని మెచ్చుకుంటారా? ఆమెకు ఓర్చుకోవడానికి ఇల్లంటూ ఎక్కడ మిగిలిందండీ? కొన్నేళ్ల తర్వాత ఆమె తిరిగొచ్చింది కాపురం కోసం కాదు. కూతురు హరీమ్ గుండెకు ఆపరేషన్ కావాలి, దాని కోసం వచ్చింది. తండ్రిగా అది నీ బాధ్యత అని మొహం మీదే చెబుతుంది. బతిమాలదు. అదీ ఖిరద్. కాపురం మళ్లీ నిలబడింది ఆమె నోరు మూసుకున్నందుకు కాదు, కుట్ర బయటపడి మొగుడి కళ్లు తెరుచుకున్నందుకు. అవి తెరుచుకోకపోయి ఉంటే? కొత్త కోడలికి ఈ మెసేజ్ పంపేవాళ్లు ఆ అమ్మాయికి చెబుతున్నది ఒక్కటే: నిన్ను గెంటేసినా నోరెత్తకు, ఎప్పుడో ఆయనకే తెలిసొస్తుంది. ఇదే సలహా కొడుక్కి ఎందుకు పంపరు? ‘నాయనా, పెళ్లాం ఉత్తరం రాస్తే చదువు’ అని.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. బలవంతపు పెళ్లితో మొదలైన ఇద్దరు మెల్లగా స్నేహితులయ్యే తొలి ఎపిసోడ్లలో దర్శకుడు సర్మద్ ఖూసట్ ఎక్కడా తొందరపడలేదు. ఆమె లెక్కల్లో ఎమ్మెస్సీ చదువుతానంటే భర్త వెనక నిలబడటం, మాటలు లేకుండా ఖిరద్‌గా వేసిన మహిరా ఖాన్ మొహంలో బెరుకు కరిగిపోవడం... అలాంటివి మన సీరియళ్లలో నాకు తగల్లేదు. క్లైమాక్స్‌లో అషర్‌గా వేసిన ఫవాద్ ఖాన్ క్షమాపణ అడుగుతుంటే, ఇంత తిట్టిన నాకే, పోనీలే పాపం అనిపించింది.