హెల్మెట్ అక్కర్లేదనే ఆ మెసేజ్‌ని ఇక ఆపండి

మళ్లీ వచ్చింది. ఈసారి చుట్టాల గ్రూపులో, కింద నాలుగు దండాల బొమ్మలతో, "అందరికీ షేర్ చేయండి" అనే వేడుకోలుతో. ఏళ్ల తరబడి తిరుగుతున్న మెసేజే. కోర్టు తీర్పు వచ్చిందట, కార్పొరేషన్, మున్సిపాలిటీ పరిధిలో హెల్మెట్ తప్పనిసరి కాదట, 15 కిలోమీటర్లు దాటి పోతేనే పెట్టుకోవాలట. చేతులు మారేకొద్దీ దానికి తోకలు మొలిచాయి. నలభై లోపు స్పీడులో ప్రమాదం ఉండదు, హెల్మెట్‌తో జుట్టు ఊడుతుంది, మెడ పాడవుతుంది, చలానాలన్నీ ఖజానా నింపుకోవడానికే, అసలు మనిషి రూల్స్‌తో మారడు, సంస్కారంతో మారాలి. పంపుతున్నవాళ్లంతా చదువుకున్నవాళ్లు, నాకు కావలసినవాళ్లు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు తీర్పు సంగతి. అలాంటి తీర్పు లేదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 129 తీసి చదవండి, అయిదు నిమిషాల పని. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపేవాళ్లయినా వెనక కూర్చునేవాళ్లయినా, బహిరంగ స్థలంలో హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా కట్టుకున్న సిక్కులకు మినహాయింపు ఉంది. మున్సిపాలిటీ అనే మాటే అందులో లేదు. 2019 సవరణతో జరిమానా వంద రూపాయల నుంచి వెయ్యికి పెరిగింది, మూడు నెలలు లైసెన్సు కూడా పోవచ్చు. అయినా 15 కిలోమీటర్లంటే ఎక్కడి నుంచి ఎక్కడికి? హైదరాబాద్‌లో ఉన్నవాడు చార్మినార్ దగ్గర నుంచి కొలుచుకోవాలా, తన ఇంటి గేటు నుంచా? ఫార్వర్డ్ కొట్టేముందు ఈ ఒక్క ప్రశ్న ఎవరికీ తట్టలేదంటే నాకు బాధగా ఉంది.

జుట్టు గురించి వాదించే ఓపిక నాకు లేదు. మెడ గురించి మాత్రం ఒక్క మాట. హెల్మెట్ల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించిన 2008 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో మెడకు హాని అని చెప్పడానికి గట్టి ఆధారం దొరకలేదు. దొరికింది వేరే. ప్రమాదంలో చనిపోయే అవకాశం దాదాపు 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం దాదాపు 69 శాతం తగ్గుతాయని.

ఇక నలభై లోపు స్పీడు. ఈ మెసేజ్‌లో ప్రాణాలు తీసే ముక్క ఇదే. తీర్పు అబద్ధమని చెబితే ఎవరైనా ఒప్పుకుంటారు గానీ, "సందు చివర కొట్టుకేగా", "స్కూల్లో దింపి రావడమేగా" అనే ధీమా మాత్రం మన ఒంట్లోనే ఉంది, ఈ మెసేజ్ దానికి సర్టిఫికెట్ ఇస్తోంది. కాబట్టి లెక్క చూద్దాం. బండి మీద కూర్చున్న మనిషి తల రోడ్డుకు దాదాపు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. బండి పూర్తిగా ఆగి ఉన్నా సరే, అంత ఎత్తు నుంచి తల నేలకు తగిలేసరికి దాని వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. అంటే మీ స్పీడోమీటర్ సున్నా చూపిస్తున్నా తలకు ఆ దెబ్బ ఉంది. నలభై స్పీడులో తల నేరుగా డివైడర్‌కు కొట్టుకుంటే అది ఆరు మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండో అంతస్తు బాల్కనీ నుంచి, తలకిందులుగా పడినదానితో సమానం. డివైడర్ సిమెంటు కార్పొరేషన్ హద్దులో ఉందని మెత్తబడదు.

హెల్మెట్ చేసే పని కూడా చాలామందికి తెలిసినట్టు లేదు. పైనున్న గట్టి డిప్ప ఒక్కటే కాదు, దాని లోపల థర్మకోల్ లాంటి దట్టమైన పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగిపోతుంది. అది నలిగే ఆ కాస్త సమయంలో తల మెల్లగా ఆగుతుంది, లోపల మెదడు పుర్రెకు కొట్టుకునే తీవ్రత తగ్గుతుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మార్చెయ్యాలి. అందుకే రోడ్డు పక్కన రెండొందలకు అమ్మే టోపీ లాంటి ప్లాస్టిక్ డిప్పలు పనికిరావు. అందుకే స్ట్రాప్ పెట్టుకోవాలి. స్ట్రాప్ వేలాడుతుంటే మనిషి నేలకు చేరేలోపే హెల్మెట్ ఎగిరి అవతల పడుతుంది. చట్టం కూడా హెల్మెట్ అంటే ఏమిటో చెబుతూ స్ట్రాప్‌తో తలకు గట్టిగా బిగించి ఉండాలనే రాసింది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో హెల్మెట్ పెట్టుకోకుండా బండి ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మా ఊళ్లోనే కాదు, మీ ఊళ్లో కూడా పొద్దున ఎనిమిదిన్నరకు స్కూలు గేటు దగ్గర నిలబడి చూడండి. నడిపే తండ్రికి హెల్మెట్ ఉంటుంది, ఎందుకంటే చలానా ఆయన బండికి వస్తుంది. వెనక పక్కకు తిరిగి కూర్చున్న తల్లికి ఉండదు. మధ్యలో నలిగిన రెండో క్లాసు పిల్లకు అసలే ఉండదు. ఆ పిల్ల తరఫున ఎవరు మాట్లాడాలి?

చలానాలు ఖజానా కోసమే అన్న ముక్క దగ్గర మాత్రం నేను మీతో కొంతవరకు కలుస్తాను. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద బైకులకు 75 శాతం డిస్కౌంట్ ఇచ్చారు. 2023 డిసెంబరులో మళ్లీ 80 శాతం. వెయ్యి రూపాయల చలానాలు పడ్డాయనుకోండి, ఎప్పటికప్పుడు కట్టినవాడు మొత్తం వెయ్యీ కట్టాడు, కట్టకుండా కూర్చున్నవాడు ఈ 80 శాతం డిస్కౌంట్‌తో రెండొందలతో బయటపడ్డాడు. దీంతో జనం నేర్చుకున్నది హెల్మెట్ పెట్టుకోవడం కాదు, డిస్కౌంట్ కోసం ఆగడం. ఇక కెమెరాకు నంబరు ప్లేటు, తల మాత్రమే కనిపిస్తాయి కాబట్టి ప్లేటు వంచేవాళ్లు, చివరి అంకె మీద మాస్కు తగిలించేవాళ్లు, ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్‌ను సిగ్నల్ దగ్గర మాత్రమే తలకెక్కించేవాళ్లు తయారయ్యారు. రూలు దేన్ని కొలిస్తే జనం దానికే తయారవుతారు. ఇది ప్రభుత్వం పట్టించుకోవాల్సిన తప్పు, కోప్పడే హక్కు మీకుంది. కానీ ఆ కోపంతో తల మీద హెల్మెట్ తీసేస్తే నష్టపోయేది ఖజానా కాదు.

చివరిది, రూల్స్‌తో మనిషి మారడన్న మాట. పైన చెప్పిన డిస్కౌంట్ కథే దీనికి జవాబు. మారాడు, చెడ్డవైపు మారాడు. మంచివైపు మారిన సంగతులూ ఉన్నాయి. వియత్నాంలో 2007 డిసెంబరు 15 నుంచి అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి చేసి గట్టిగా అమలు చేశారు. అంతకుముందు పెట్టుకోనివాళ్లే ఎక్కువ, తర్వాత పెట్టుకునేవాళ్లు తొంభై శాతం దాటారు. వాళ్ల సంస్కారం ఆ ఒక్క నెలలో పెరిగిందా? పశ్చిమ జర్మనీలో హెల్మెట్ రూలు ముందే ఉన్నా, 1980లో జరిమానా పెట్టాక బళ్ల దొంగతనాలు ఏడాదికి లక్షన్నర నుంచి 1986కల్లా 54 వేలకు పడిపోయాయి. అవకాశం చూసి బండి ఎత్తుకుపోయేవాడి దగ్గర హెల్మెట్ ఉండదు, హెల్మెట్ లేకపోతే పోలీసు ఆపుతాడు. దొంగను కూడా మార్చిన రూలు మనల్ని మార్చలేదా?

అంతదాకా ఎందుకు, మన బళ్లే చూడండి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలని రూలు పెట్టారు. మొదట్లో ఎదురొచ్చిన ప్రతివాడూ వేళ్లు మూసి తెరిచి "లైటు వెలుగుతోంది" అని సైగ చేసేవాడు. ఇప్పుడు ఆ సైగ దాదాపు కనిపించడం లేదు. 2019 నుంచి 125 సీసీ దాటిన బండికి ఏబీఎస్ (గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసేవి), ఆ లోపు బండికి సీబీఎస్ (ఒకటి నొక్కితే రెండు చక్రాలకూ పడేవి) బ్రేకులు వచ్చాయి. కంపెనీలు ప్రేమతో పెట్టలేదు, రూలు పెట్టించింది. కొత్త బండితో హెల్మెట్ ఇవ్వాలన్న రూలు కూడా ఉంది, షోరూంలో అడిగి తీసుకోండి, ఐఎస్‌ఐ గుర్తు చూసుకోండి.

ఈ మెసేజ్ ఇప్పటికే పంపినవాళ్లను నేను కోరేది ఒక్కటే. అదే గ్రూపులో, దాని కిందే "ఇది తప్పు, నమ్మకండి" అని మీ చేత్తో రాయండి. మీ మాట నమ్మి రేపు పొద్దున హెల్మెట్ ఇంట్లో వదిలేసేవాళ్లు ఆ గ్రూపులో ఉన్నారు.