గొట్టం తేటగా ఉంటే సరిపోదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లు సంబంధం కలుపుకునే ముందు జాతకాలు చూస్తారు. మేనరికమైతే అవీ చూడరు. ఈమధ్య సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) పరీక్ష చేయించేవాళ్లూ ఉన్నారు, సంతోషమే. కానీ శిబిరంలో చేసే సాల్యుబిలిటీ పరీక్షకు ‘నెగెటివ్’ రాగానే ముహూర్తం పెట్టేసుకోవడం తొందరపాటు.

ఆ పరీక్షలో రెండు మిల్లీలీటర్ల మందునీళ్లలో ఒక చిన్న రక్తపు బొట్టు కలిపి, ఐదు నిమిషాలాగి, గొట్టం వెనక నల్లగీతల కాగితం పెడతారు. గీతలు కనబడనంతగా మసకబారితే సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టు. అది తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిందో, ఇద్దరి నుంచీ వచ్చిందో ఈ గొట్టం చెప్పదు. హిమోగ్లోబిన్ ఏడు లోపుకు పడిపోయినవాళ్లలో, ఆరు నెలలు నిండని పసివాళ్లలో జబ్బున్నా తేటగానే కనబడొచ్చు.

అసలు చిక్కు బీటా తలసీమియాతో, అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని మరో వంశపారంపర్య లోపంతో. అది ఈ గొట్టానికి ఎప్పటికీ చిక్కదు. అబ్బాయికి ఒక సికిల్ జన్యువు, అమ్మాయికి ఒక బీటా తలసీమియా జన్యువు ఉన్నాయనుకోండి. ఇద్దరూ మామూలుగానే తిరుగుతుంటారు, అమ్మాయి కాగితం మీద ‘నెగెటివ్’ అనే ఉంటుంది. కానీ రెండూ 11వ క్రోమోజోము మీది ఒకే జన్యువు లోపాలు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ రెండూ చేరే అవకాశం 25 శాతం, చేరితే బిడ్డకు సికిల్ జబ్బే. మొదటి బిడ్డ బాగా పుట్టిందని రెండో కాన్పులో ఆ లెక్క తగ్గదు.

మేనరికంలో ఈ లెక్క ఇంకా దగ్గరకొస్తుంది. మేనమామకు ఆ జన్యువు ఉంటే అక్క కూతురికీ అదే ఉండే అవకాశం కనీసం నాలుగింట ఒకటి.

కాబట్టి మన సంఘాలు శిబిరానికి డబ్బిస్తే, గొట్టాలతో ఆపకుండా సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే పరీక్ష) రెంటికీ ఇవ్వాలని నా అభిప్రాయం. సీబీసీలో ఎంసీవీ (ఎర్రకణం సైజు) 80, ఎంసీహెచ్ (ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్) 27 కంటే తగ్గితే రక్తం తక్కువని ఐరన్ మాత్రలిచ్చి ఊరుకోకూడదు. హెచ్‌పీఎల్‌సీలో ఏ2 రకం హిమోగ్లోబిన్ శాతం 3.5 దాటితే తలసీమియాను అనుమానించాలి. ఐరన్ బాగా తగ్గినవాళ్లలో ఏ2 కూడా కిందికి దిగి మోసం చేస్తుంది. అలాంటివాళ్లకు ఐరన్ సరిచేశాక మళ్లీ చూడాలి. రక్తం ఎక్కించుకున్నవాళ్లయితే మూడు నెలలు ఆగాలి, లేకపోతే దాత రక్తానికే పరీక్ష చేసినట్టు.

పెళ్లి అయిపోయినా ఆలస్యమేమీ కాలేదు. నెల తప్పిన వెంటనే భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి చేయించాలి. కడుపులో బిడ్డను పరీక్షించేందుకు మాయ ముక్క తీసేది 11 నుంచి 14 వారాల మధ్య. భర్త వలస నుంచి వచ్చేదాకా చూద్దామంటే ఆ వారాలు దాటిపోతాయి. ఆయన ఉన్న ఊళ్లోనే రక్తమిచ్చి రిపోర్టు ఫోన్లో పంపితే చాలు.