నాకు నడుమునొప్పి లేదు

నాకు నడుమునొప్పి లేదు. ఎన్నడూ లేదు. ఈ మాటను మా వీధిలో ఇంటింటా నోటితో చెప్పి అలసిపోయి, ఇక వ్రాతపూర్వకంగా మనవి చేసుకుంటున్నాను. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకు పాఠాలు చెప్పి, వాడుక భాష కోసం పోరాడిన ఊరు. అటువంటి ఊరిలో ఉంటూ ఇలా ఇస్త్రీ పెట్టిన వాక్యాలు వ్రాయడం తప్పేనని ఎరుగుదును. అయితే వాడుక భాషలో చెప్పినప్పుడు ఒక్కరూ నమ్మలేదు గనుక, ఇస్త్రీ భాషలో చెబితేనైనా నమ్ముతారేమోనని ఆశ.

దీనికంతటికీ కారణం గత వైశాఖంలో మేము కొన్న హోం థియేటరు. కొట్టులో దానిని ‘ఫైవ్ పాయింట్ వన్’ అన్నారు. అయిదు అంటే ముందు రెండు, వాటి నడుమ ఒకటి, వెనుక రెండు స్పీకర్లు. పాయింటు తరువాత వచ్చే ఒకటి, లోతైన మోతలు మోగించే ఊఫరు. చుక్క పక్కన ఉండేది గదా, చిన్నదై ఉంటుందని మా ఆవిడ అనుకున్నది. అట్టపెట్టెలు విప్పితే అదొక్కటే 11 కిలోలు తూగింది. మిగిలిన అయిదూ దాని ముందు కోడిపిల్లల్లా ఉన్నాయి.

కూర్చున్న మనిషి ముక్కుకు సూటిగా ఉన్న దిక్కును సున్న అనుకుంటే, ముందు స్పీకర్లు చెరొక వైపు 30 డిగ్రీల దగ్గర, వెనుకవి 110 డిగ్రీల దగ్గర ఉండాలన్నది శాస్త్రం. మా ముందు గదిలో ఎడమ 30 డిగ్రీల దగ్గర తలుపు, కుడి 110 డిగ్రీల దగ్గర కుట్టుమిషను ఉన్నాయి. కుట్టుమిషను మా ఆవిడ పుట్టింటినుండి వచ్చినది కావడం వల్ల, శాస్త్రమే కాస్త పక్కకు జరగవలసి వచ్చింది. 1931లో ఆలన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు కాబోయే భార్యతో సినిమాకు వెళ్ళి, తెరమీద మనిషి ఒక పక్కన ఉంటే మాట మరొక పక్కనుండి వస్తున్నదని గమనించి, మాటను మనిషి వెంట నడిపించే ఉపాయం తనకు తోచిందని ఆమెతో అన్నాడట. స్టీరియోకు మూలం ఆ ముచ్చటేనంటారు. మా ఇంట్లో ముచ్చట తీగల దగ్గరే ఆగిపోయింది. “మాట ఎటునుంచైనా రానివ్వండి, తీగ మాత్రం కనపడకూడదు,” అన్నది మా ఆవిడ. తివాచీ కింద తీగలు దాచే తొందరలో ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తారుమారు కావడం, దానితో పాట పాడే ఆయన గది నడుమ నిలవక గోడల్లో కలిసిపోవడం, ఆ పొరపాటు నాకు తెలియడానికి రెండు రోజులు పట్టడం వంటివి ఇక్కడ విస్తరించను.

అసలు చిక్కు ఊఫరుతో వచ్చింది. లోతైన మోతల అలలు చాలా పొడవుగా ఉంటాయి. సెకనుకు 40 సార్లు కంపించే మోతకు అల పొడవు దాదాపు 28 అడుగులు. మా గది పొడవు 14 అడుగులు, అంటే ఇంచుమించు అందులో సగం. ఇలా కుదిరిన గదిలో ఆ మోత ఎదురెదురు గోడల మధ్య ఇరుక్కుని నిలిచిపోతుంది. గోడ వద్ద గుండెలు అదరగొట్టే డప్పు గది మధ్యకు వచ్చేసరికి మాయమవుతుంది. టీవీ పక్కన పెట్టిన ఊఫరు కుర్చీల్లో కూర్చున్న మాకు సరిగా వినిపించేది కాదు గాని, వెనుక గోడకు ఆనుకుని పడుకునే పిల్లిని మాత్రం రోజూ లేపేది.

దీనికి తెలిసినవారు చెప్పే మందు ఒకటి ఉన్నది. ఊఫరును తీసి మనం కూర్చునే కుర్చీలో పెట్టి, మోగించి, మనం గోడల వెంట నేలమీద పాకుతూ పోవాలి. ఏ చోట మోత నిండుగా, సమంగా వినిపిస్తుందో ఆ చోట ఊఫరును పెట్టాలి. ఇక్కడి మోత అక్కడ ఎలా వినిపిస్తుందో, అక్కడి మోత ఇక్కడా అలాగే వినిపిస్తుంది గనుక ఈ ఉపాయం పారుతుంది. నిలబడి వింటే చాలదు. చెవి ఊఫరు ఉండబోయే ఎత్తులోనే ఉండాలి.

ఒక ఆదివారం సాయంత్రం, అమ్మ గుడికీ మా ఆవిడ బజారుకూ వెళ్ళిన సమయం చూసి, అమ్మ కుర్చీలో ఊఫరును కూర్చోబెట్టాను. జారిపోకుండా వెనుక దిండు పెట్టి, చుట్టూ తువ్వాలు కప్పాను. మోత మొదలుపెట్టి, లుంగీ ఎగగట్టి, పాకడం ఆరంభించాను. రెండవ గోడ సగం దాటాక, నేలకు చెంప ఆనించి కళ్ళుమూసుకుని వింటుండగా గుమ్మంలో గిన్నె చప్పుడైంది. పక్కింటి మావుసీ, అంటే ఒడియాలో పిన్ని, పిఠాలనే పిండివంటలు తెచ్చింది.

ఆమె కంటబడిన దృశ్యాన్ని తరువాత ఊహించుకున్నాను. కుర్చీలో తువ్వాలు కప్పుకుని, ఒకే ఒక గుండ్రని కన్నుతో హూంకరిస్తున్న నల్లని పెట్టె. దాని ముందు సాష్టాంగపడిన నేను.

“విశ్వకర్మ పూజ సెప్టెంబరులో గదా బాబూ?” అన్నది మావుసీ.

గబగబా లేవబోయాను. అంతసేపు పాకిన మోకాళ్ళు మాట వినక, నడుముమీద చేయి వేసుకుని “అబ్బా” అన్నాను. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

“ఓహో, అంటా ధరిలా కి!” అంటూ ఆమె గిన్నె అక్కడే పెట్టి వెనుదిరిగింది.

ఒడియాలో ‘అంటా’ అంటే నడుము. తెలుగులో ‘అంట’ అంటే కంటితో చూడని ప్రతి వార్తకూ చివర తగిలించే తోక. ఈ రెండు భాషలూ కాపురం చేస్తున్న మా వీధిలో ‘అంటా పట్టిందంట’ అన్న మాట ధ్వనివేగాన్ని, అనగా సెకనుకు 343 మీటర్లను, అవలీలగా దాటిపోయింది. గుడి మెట్లు దిగకముందే అమ్మకు తెలిసింది. రొప్పుతూ ఇంటికి వచ్చి, నన్నూ కుర్చీనీ మార్చి మార్చి చూసి, “నడుం పట్టినోడివి నువ్వు పడుకోవాలి గానీ, నా కుర్చీలో దీన్నెందుకు కూకోబెట్టినావురా?” అన్నది. మరునాడు పొద్దున్న పరామర్శలు మొదలయ్యాయి. ఒకాయన ఆవనూనెలో వెల్లుల్లి కాచి పూయమన్నాడు. మరొకాయన మంచం మానేసి నేలమీద పడుకోమన్నాడు. నేలమీద పడుకున్నందుకే ఇంత జరిగిందని ఆయనకు చెప్పలేకపోయాను.

పాకిన శ్రమకు ఫలితం దక్కకపోలేదు. మోత సమంగా వినిపించిన చోటు ఈశాన్య మూల. అక్కడ దేవుని పీఠం ఉన్నది. లేకపోయినా ఈశాన్యంలో బరువు పనికిరాదని, బరువంతా నైరుతిలో ఉండాలని అమ్మ తీర్పు చెప్పింది. నైరుతిలో అప్పటికే బీరువా, దాని మీద ఇత్తడి బిందెలు ఉన్నాయి. నాటినుండి మా ఇంట ఏ సినిమాలో బాంబు పేలినా ముందుగా బిందెలు పలుకుతాయి.

వెనుక స్పీకర్లు మాత్రం అద్భుతంగా కుదిరాయి. మొదటి రోజున సినిమాలో వాన మొదలుకాగానే అమ్మ “వడియాలు!” అని కేకవేసి, మేడమీదికి పరుగెత్తి, నక్షత్రాలు చూసి దిగివచ్చింది. రెండవసారీ అదే జరిగింది. మూడవసారి ఉరుము ఉరిమి, బిందెలు మోగి, వీపు వెనుక జోరువాన అందుకున్నా అమ్మ కుర్చీ దిగలేదు. “ఎంత సహజంగా ఉన్నదో చూశావా?” అని నేను మా ఆవిడతో అంటుండగానే కరెంటు పోయింది. తెర నల్లబడింది. వాన మాత్రం ఆగలేదు. కరెంటు లేకున్నా పనిచేస్తున్న ఆ యంత్రాన్ని చూసి నేను క్షణకాలం గర్వపడిన మాట వాస్తవం.

అది కాళబైశాఖి, అంటే వేసవి గాలివాన, అని అమ్మకు తట్టి, అందరం లేచి తలుపు తీసేసరికి, గుమ్మంలో మావుసీ నిలువెల్లా తడిసి నిలబడి ఉన్నది. మా మేడా వారి మేడా కలిసే ఉంటాయి. చేతిలో మా పాత చీరతో కట్టిన వడియాల మూట, మూటమీద ఆవనూనె సీసా.

“అంటా బాగోలేని మనిషివి, మెట్లెక్కలేవని నేనే తీసుకొచ్చినాను బాబూ.”

నేను నడుముమీద ఒక చేయి వేసుకుని, కాస్త వంగి, రెండవ చేత్తో ఆ మూటను అందుకున్నాను.