నవ్వే బొమ్మ నొక్కండి, మామ్మగారూ!

ఆసుపత్రి ఓపీ విభాగం నుంచి బయటికి వచ్చే దారిలో ఈమధ్య ఒక తెర వెలిసింది. దాని మీద ఎర్రటి ఏడుపు మొహం మొదలు పచ్చటి నవ్వు మొహం దాకా ఐదు బొమ్మలు. ‘మా సేవలు మీకు తృప్తినిచ్చాయా?’ అని అడుగుతుంది. పొద్దున్నుంచీ ఆ భవనంలో ముసలివాళ్లను ఒక ప్రశ్న పూర్తిగా అడిగి, జవాబు కోసం ఓపిగ్గా ఆగింది అదొక్కటే.

ఈ విజ్ఞానాన్ని తక్కువ చేయకూడదు. అభిప్రాయాలను మెట్లుమెట్లుగా కొలిచే పద్ధతిని అమెరికా మనస్తత్వవేత్త రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రకటించాడు. నొప్పి ఎంతో మాటల్లో చెప్పలేని చిన్నపిల్లల కోసం 1980లలో మొహాల బొమ్మల కొలత వచ్చింది. ఈ రెండింటినీ కలిపి ఎనభయ్యేళ్ల మనిషి ముందు నిలబెట్టిన మేధావి ఎవరో గానీ, శాలువా కప్పాల్సిందే.

కంటి పరీక్షకు చుక్కల మందు వేయించుకున్న ఒక పెద్దావిడను నా ఎదుటే ఆ తెర దగ్గరికి తీసుకొచ్చారు.

“నవ్వే బొమ్మ నొక్కండి, మామ్మగారూ.”

“ఏది నాయనా? అన్నీ మసకగానే ఉన్నాయి.”

సిబ్బంది కుర్రవాడు వేలు పట్టుకుని నొక్కించాడు. తెర ఉలకలేదు. వేలిని ఆవిడ కొంగుతోనే తుడిచి మళ్లీ నొక్కించాడు. ఈసారి పోయిపోయి ఏడుపు మొహానికి తగిలింది. కుర్రవాడి మొహం కూడా అచ్చం అలాగే అయింది. చుట్టూ చూసి, మూడోసారి తన వేలితోనే పచ్చబొమ్మ నొక్కేశాడు. తెర మీద రంగు కాగితాలు కురిశాయి. ఆవిడ తెరకు నమస్కారం పెట్టింది. లెక్కల్లో ఒక ఏడుపు, ఒక నవ్వు పడ్డాయి. సగటు తీస్తే అటూ ఇటూ కాని మధ్య మొహం. నాకెందుకో అదే నిజానికి దగ్గరనిపించింది.

పడుచువాళ్లకంటే పెద్దవాళ్లే వైద్యం మీద ఎక్కువ తృప్తి చూపుతారని సర్వేలు తరచూ చెబుతుంటాయి. యాజమాన్యాలకు అది పన్నీటి జల్లు. వచ్చే నెల మళ్లీ అదే డాక్టరు ముందు కూర్చోవాల్సిన మనిషి ఏడుపు బొమ్మ నొక్కుతాడా? చూసినందుకే చేతులు జోడించే తరం అది.

డాక్టర్లకూ తీరిక ఉండదు, ఒప్పుకుంటాను. 67 దేశాల సమాచారంతో 2017లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, ప్రపంచ జనాభాలో దాదాపు సగం ఉన్న దేశాల్లో డాక్టరుతో గడిపే సమయం ఐదు నిమిషాలో, అంతకన్నా తక్కువో. 1984 నాటి అమెరికా అధ్యయనంలో రోగి బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడ్డాడు. మన పెద్దాయనకు సంచిలోంచి పాత చీటీలు తీయడానికే అది చాలదు.

అయినా టైము లేకపోవడం వేరు, మనిషే లేడనుకోవడం వేరు. ఎదుట కూర్చున్న ఆయన్ను వదిలేసి కొడుకు వైపు తిరిగి “ఈయనకు నిద్ర పడుతోందా?” అని అడిగితే ఎన్ని సెకన్లు ఆదా అవుతాయి? కొత్త బీపీ మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని ఆయన చెప్పబోతుంటే “వయసు కదా, ఉంటాయిలెండి” అంటారే, అది వయసు కాకపోవచ్చు! మీరు రాసిన మందే కావచ్చు! ఆ ఒక్క వాక్యం చివరిదాకా వినకపోతే ఆయన స్నానాల గదిలో పడతాడు, తుంటి విరుగుతుంది, మంచం పడతాడు. ఇక మీ ఓపీకీ రాడు, మీ తెర ముందూ నిలబడడు. మీరెవరి మాట వినలేదో వాళ్లందరూ అలా ఒక్కొక్కరే లెక్కలోంచి తప్పుకుంటుంటే మీ సగటు పెరగక ఏమవుతుంది?