సవరణ: టాక్రోలిమస్‌ను కనిపెట్టింది స్టార్జల్ కాదు

కాలేయ మార్పిడి సర్జన్ థామస్ స్టార్జల్ పరిశోధనల గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. 1963లో డెన్వర్‌లో ఆయన చేసిన మొదటి మార్పిడి విజయవంతమైందని రాశాను. కాదు, ఆ మూడేళ్ల బాబు ఆపరేషన్ జరుగుతుండగానే చనిపోయాడు. మార్పిడి తర్వాత మొదటిసారి ఏడాది దాటి బతికింది 1967లో ఆపరేషన్ జరిగిన ఒక పసిపాప.

రెండోది ఇంకా పెద్ద తప్పు. మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఆపే టాక్రోలిమస్ మందును స్టార్జల్ కనిపెట్టారన్నాను. నిజానికి జపాన్‌లోని ఫుజిసావా కంపెనీ శాస్త్రవేత్తలు 1984లో సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశారు. 1989లో పిట్స్‌బర్గ్‌లో దాన్ని మొదటిసారి కాలేయ రోగులకు వాడి, పనిచేస్తుందని చూపించింది మాత్రం స్టార్జల్ బృందమే. మార్పిడి చేయించుకున్న ఎంతోమంది ఈ రోజుకీ టైము తప్పకుండా వేసుకునే మందు అది. దాని విషయంలో తప్పు రాసినందుకు క్షమించండి. పాత పోస్టులో ఆ వాక్యాలు మార్చాను.